భయపడకుము అంటే ఏం చేయమని? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, వందనాలు. మా ఆయన వ్యాపారం దెబ్బతింది. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు కట్టలేకపోయాం. 60 రోజుల్లో మొత్తం కట్టమని బ్యాంకు నోటీసు పంపింది. కవరు చూస్తేనే కాళ్లు వణుకుతున్నాయి. బీరువాలో పెట్టేసి ప్రార్థన చేసుకుంటున్నాను. విశ్వాసం ఉంటే ధైర్యం రావాలి కదా, నాకెందుకు రావడం లేదు?
– ఒక సహోదరి, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఆ కవరు బీరువాలోంచి బయటికి తీయండమ్మా.

బైబిల్లో రాజులు రెండవ గ్రంథం 19వ అధ్యాయం తెరవండి. అష్షూరు రాజు సన్హెరీబు పంపిన బెదిరింపు ఉత్తరం యూదా రాజు హిజ్కియా చేతికి వచ్చింది. అప్పటికే యూదా కోటలు పడిపోయాయి. ఆలయం తలుపుల బంగారం ఊడదీసి కప్పం కట్టినా దండు వెనక్కి పోలేదు. హిజ్కియా ఆ ఉత్తరం చదివాడు, మందిరానికి తీసుకుపోయాడు, యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు. వరస చూడండి. చదివాకే పరిచాడు. ప్రార్థనలో శత్రువు పేరు చెప్పాడు, వాడన్న మాటలు చెప్పాడు, అష్షూరు రాజులు దేశాలను పాడుచేసింది నిజమేనని ఒప్పుకున్నాడు, ఆ తర్వాతే రక్షించమని అడిగాడు. ‘ప్రభువా, నా బాధలు తీర్చు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే భయానికి ఆకారం ఉండదు. ఆకారం లేని భయం రాత్రిపూట ఇల్లంతా ఆక్రమిస్తుంది.

మీరూ ఈ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ కూర్చుని కవరు విప్పండి. నోటీసు తేదీ, అసలు ఎంత, వడ్డీ ఎంత, ఏ ఖాతా అన్నది ఒక తెల్లకాగితం మీద రాయండి. ఆ అంకెలు పైకి చదువుతూ ప్రార్థించండి. వణికితే వణకనివ్వండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే విభ్రాంతి చెందాడని మార్కు 14వ అధ్యాయం రాస్తోంది. ఆ రాత్రి ఆయన ముగ్గురు శిష్యుల్ని దగ్గర ఉండమన్నాడు, ఒకే మాటతో మూడుసార్లు ప్రార్థించాడు. కాబట్టి సంఘంలో నోరు జారని ఒకరిద్దరికి చెప్పుకోవడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు. అందరి ముందూ సాక్ష్యంలో చెప్పమని ఎవరైనా పట్టుబడితే మాత్రం ఒప్పుకోవద్దు.

మర్నాడు పని మొదలుపెట్టండి. 60 రోజులు నోటీసు తేదీ నుంచి లెక్క. ఈలోపే మీ అభ్యంతరమో, గడువు కావాలన్న విన్నపమో కాగితం మీద రాసి బ్యాంకుకు ఇచ్చి, నకలు మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. తర్వాత ఇంటి స్వాధీనానికి దిగితే, ఆ చర్య జరిగిన 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసి అడగండి. వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం.

చాలా ఇళ్లలో పని చెడేది రెండుచోట్ల. అద్భుతం కోసం ఎదురుచూస్తూ గడువు దాటిస్తారు. లేదా ఒక్క వాయిదా కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఒక అప్పును రెండు చేసుకుంటారు.

ప్రశ్న: బైబిల్లో ‘భయపడకుము’ 365 సార్లు ఉందట, రోజుకొకటి. నిజమేనా? కొత్త సంవత్సరంలో నేను తీసిన వాగ్దాన కార్డు మాత్రం నెరవేరలేదు.
– ఒక యువకుడు, ఖమ్మం

జవాబు: లెక్కపెట్టి చూడు తమ్ముడూ, అన్ని రావు. చెప్పడానికి బాగుందని ప్రసంగాల్లో అలా చెబుతూ వస్తున్నారు. కార్డు విషయానికొస్తే, అందులో ఒక్క వచనమే పడుతుంది. యిర్మీయా 29:11 కార్డుల్లో తరచూ కనిపిస్తుంది. దానికి ముందున్న 10వ వచనంలో 70 ఏళ్లు అని ఉంది, 5వ వచనంలో చెరగా వెళ్లిన బబులోనులోనే ఇళ్లు కట్టుకుని తోటలు నాటుకోమని ఉంది. నీ కార్డు వచనం ఏదైనా ఆ అధ్యాయం మొత్తం చదివి, అది ఎవరికి, ఏ స్థితిలో చెప్పిన మాటో చూడు.

ప్రశ్న: మా అమ్మకు షుగరు ఉంది, మాత్రలు వాడుతుంది. మూడు రోజులు ఉపవాస ప్రార్థనలో కూర్చుంటానంటోంది. మాత్ర వేసుకోవడం అవిశ్వాసమని ఎవరో చెప్పారట.
– ఒక సోదరుడు, కామారెడ్డి

జవాబు: మళ్లీ హిజ్కియా దగ్గరికే వద్దాం. జబ్బుపడ్డ ఆయనకు ఇంకో 15 ఏళ్లు బతుకుతావన్న వాగ్దానం తెచ్చిన యెషయా ప్రవక్తే, అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద వేయించమన్నాడు (రాజులు రెండవ గ్రంథం 20). వాగ్దానమూ వైద్యమూ ఒకే నోటి నుంచి వచ్చాయి.

కొన్ని రకాల షుగరు మాత్రలు, ఇన్సులిన్ వేసుకుని తిండి మానితే షుగరు పడిపోతుంది. సొంతంగా మందు మానేస్తే అమాంతం పెరుగుతుంది. కాబట్టి డాక్టరును అడగకుండా ఉపవాసం వద్దు. చెమట, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వేలికి సూది గుచ్చి షుగరు ఎంతుందో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ‘ప్రార్థనలో ఆత్మ ఆవేశించింది’ అనుకుని చుట్టూ నిలబడి పాటలు పాడుతూ ఉండిపోవడమే పెద్ద ప్రమాదం. అమ్మకు దానియేలు 10వ అధ్యాయం చదివి వినిపించండి. మూడు వారాలు ఆయన మానింది రుచికరమైన భోజనం, మాంసం, ద్రాక్షారసం. అదీ ఉపవాసమే.

ప్రశ్న: ఉద్యోగం పోయి ఏడు నెలలు. ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు. కొన్ని రాత్రులు బతకాలని లేదు.
– పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: ఈ మాట రాసి పంపారు, మంచి పని చేశారు. ఇదే మాట ఏలీయా ప్రవక్త కూడా అన్నాడు (రాజులు మొదటి గ్రంథం 19), కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన వెంటనే, బదరీ వృక్షం కింద కూర్చుని. దేవుడు ఆయన్ను మందలించలేదు, ప్రసంగమూ చేయలేదు. దూత వచ్చి కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని పడుకున్నాడు. దూత మళ్లీ లేపి, ప్రయాణం నీ శక్తికి మించింది, తినమన్నాడు. హోరేబు కొండకు వెళ్లడం, అక్కడ దేవుని మెల్లని స్వరం వినడం అన్నీ ఆ తర్వాతే.

మాట రాకపోతే అరువు తెచ్చుకోండి. 13వ కీర్తన ఆరు వచనాలే. మొదటి రెండింటిలో దావీదు ఇంకెన్నాళ్లు అని దేవుణ్ని నాలుగుసార్లు అడుగుతాడు. అక్కడిదాకా పైకి చదివి ఆగండి. చివరి స్తుతి వచనాలకు నోరు రాకపోతే ఈ రాత్రికి వదిలేయండి. 88వ కీర్తన ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని అక్కడే ముగిసిపోతుంది. అయినా అది గ్రంథంలోనే ఉంది, ప్రార్థనే.

చనిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగవద్దు. 14416కు ఫోన్ చేయండి, అది మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు. ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులోనూ మాట్లాడతారు. అన్ననో స్నేహితుడినో పిలిచి, ఈ రాత్రి మా ఇంట్లో పడుకో అని చెప్పండి. కారణం ఫోన్‌లో చెప్పక్కర్లేదు. వచ్చాక ఇద్దరూ కలిసి అన్నం తినండి.