కాటా లైను ఆఖరున తెరువు

చి. మునికి,

తిరుపతి నుంచి మీ మామ ఆశీస్సులు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సర్వర్‌లోని డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌ను 13 నుంచి 17కు నువ్వే మారుస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం నాయనా, భయమూ వేసింది. తోతాపురి దిగే జూన్, జులైలో మాత్రం పెట్టుకోవద్దు. రాత్రంతా కాటా దగ్గర లారీలుంటాయి. ఒక్క తూకం పోయినా ఒక రైతు డబ్బు పోయినట్టే.

బ్యాకప్ తీసి వేరే మెషిన్లో ఎక్కించి చూసుకో. పాత డేటాను కొత్త వెర్షన్‌కు మార్చే పీజీ అప్‌గ్రేడ్‌ను ముందు, ఏమీ మార్చకుండా సరిచూసే చెక్ ఆప్షన్‌తో నడుపు.

కనెక్షన్ల దగ్గరే చాలామంది వరస తప్పుతారు. ముందే సెషన్లను తెంపేస్తారు, అప్లికేషన్ పూల్ (అది తెరిచి ఉంచుకునే కనెక్షన్ల గుంపు) క్షణంలో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. నువ్వు మొదట పాత సర్వర్లో ఎవరిని రానివ్వాలో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైల్లో పైన పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు లోకల్ పీర్ లైను (ఆ మెషిన్లోని అదే పేరున్న యూజర్‌ను రానిచ్చేది), దాని కిందే అందరినీ ఆపే రిజెక్ట్ లైన్లు రాయి. మొదట సరిపోయిన లైనే చెల్లుతుంది. ఆ ఫైలును సర్వర్‌తో మళ్లీ చదివించే రీలోడ్ కొత్తగా వచ్చేవాళ్లనే ఆపుతుంది, లోపలున్నవాళ్లను కదపదు. అందుకని రీలోడ్ అయ్యాక లోపలున్న కనెక్షన్ల జాబితా పీజీ స్టాట్ యాక్టివిటీలో ఐపీలు చూసి, మిగిలినవి టెర్మినేట్ చెయ్యి. కాటా కంప్యూటర్ పూల్‌తో పనిలేకుండా నేరుగా వస్తుందేమో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాతే సర్వర్ ఆపి, పీజీ అప్‌గ్రేడ్ నడుపు.

హెచ్‌బీఏ ఫైలు కొత్త సర్వర్‌కు దానంతట రాదు, నువ్వే రాయాలి. పాస్‌వర్డులు మాత్రం ఎండీ5 అనే పాత దాపు పద్ధతిలోనే వస్తాయి. లైన్లో కొత్త పద్ధతి స్క్రామ్ అని పెడితే సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానివ్వదు. అర్ధరాత్రి అది చూసి కంగారులో, పాస్‌వర్డ్ అడగకుండానే రానిచ్చే ట్రస్ట్ అని రాసేస్తారు, తెల్లారాక తీయడం మరిచిపోతారు. నువ్వు ఆ పని చేశావంటే ఊరుకోను! ఎండీ5 లైనే ఉంచు, అది స్క్రామ్ పాస్‌వర్డులనూ ఒప్పుకుంటుంది. తీరిగ్గా ఒక్కొక్కరి పాస్‌వర్డ్ మార్చి, అందరివీ అయ్యాక లైను మార్చు. కాటా కంప్యూటర్లో డేటాబేస్‌కు కలిపే లైబ్రరీ లిబ్‌పీక్యూ 10 కంటే పాతదైతే దానికి స్క్రామ్ రాదు, ముందు దాన్ని మార్పించు.

అప్‌గ్రేడ్‌లో పాతదీ కొత్తదీ అవే ఫైళ్లను పంచుకునే లింక్ మోడ్ వద్దు. కొత్తది ఒకసారి స్టార్ట్ అయితే పాతది ఇక పనికిరాదు. డిస్క్ చాలకపోతే కొనమని అడుగు, మొహమాటపడొద్దు. కాపీ మోడ్లో వెనక్కి రావచ్చు గానీ, కొత్తదాంట్లో మొదటి తూకం పడేదాకే. ఆపైన వెనక్కొస్తే ఆ తూకాలు పోతాయి.

కాబట్టి నీ లాగిన్ ఒక్కటే తెరిచి, వాక్యూమ్‌డీబీ అనే పనిముట్టుతో దశలవారీగా అనలైజ్ చేసి (క్వెరీలు వేగంగా నడవడానికి కావలసిన గణాంకాలు సేకరించి), నిన్నటి రైతుల చెల్లింపు రిపోర్టు తీసి పాతదానితో సరిచూడు. పాత సర్వీసును డిసేబుల్ చెయ్యి, రీబూట్ అయితే అదే 5432 పోర్టులో లేచి కూర్చోగలదు. తర్వాత ఆఫీసు లైను, ఆఖరున కాటా.

తెరిచాక ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి. అన్నం మానొద్దు.

మీ మామ