తేనెపిట్ట రెక్కలు ఫ్లాష్‌తో తీసినా చెదిరిపోతున్నాయి: సమాధానం

మీ ఫ్లాష్ ఫుల్ పవర్‌లో వెలుగుతోంది, చిక్కంతా అక్కడే. కూకట్‌పల్లి బాల్కనీలో మందారం దగ్గర 1/200 సెకను షట్టర్‌తో తీసినా తేనెపిట్ట రెక్కలు మసకగా వస్తున్నాయన్నారు. షట్టర్ అంతే ఉండనివ్వండి. ఇక్కడ రెక్కను ఆపేది ఫ్లాష్ మెరుపు. ఫుల్ పవర్‌లో అది దాదాపు 1/300 సెకను సాగుతుంది. పవర్‌ను 1/16 వంతుకి తగ్గిస్తే మామూలు స్పీడ్‌లైట్లలో (కెమెరా మీద తగిలించే విడి ఫ్లాష్‌లు) మెరుపు సుమారు 1/10000 సెకనుకి కుదించుకుపోతుంది.

1. ఫ్లాష్ మాన్యువల్, పవర్ 1/16. హై స్పీడ్ సింక్ (బాగా వేగమైన షట్టర్‌తో ఫ్లాష్ వాడేందుకు ఉండే సెట్టింగ్) ఆపేయండి, అది మెరుపును సాగదీస్తుంది.

2. ఫ్లాష్‌ను స్టాండ్ మీద పువ్వుకు 2 అడుగుల దూరంలో పెట్టండి.

3. నీడలో ఉన్న పువ్వే కావాలి. కెమెరాలో ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) 100, లెన్స్ రంధ్రం చిన్నగా, ఎఫ్ 16.

4. అందరూ వదిలేసేది ఇదే: ఫ్లాష్ ఆపి ఒక ఫొటో తీయండి. దాదాపు నల్లగా రావాలి. పువ్వు తేటగా కనిపిస్తే పగటి వెలుగు కూడా రెక్కను పట్టేస్తోందన్నమాట. ఎంత ఫ్లాష్ కొట్టినా చుట్టూ మసక తప్పదు. ఇంకా నీడకు జరపండి, లేదా ఎండ ఎక్కకముందే తీయండి.

వెనక నల్లగా వస్తే ఆకుపచ్చ గుడ్డ కట్టి, రెండో ఫ్లాష్ అదే పవర్‌లో దాని మీదికి.

హమ్మింగ్‌బర్డ్ ఫొటోలతో పోల్చుకోకండి. అవి అమెరికా ఖండాల పిట్టలు, గాల్లో నిలబడే తాగుతాయి. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ పట్టుకునే తాగుతుంది, గాల్లో ఆగేది కాసేపే. అందుకే ఫోకస్ ముందే పువ్వు మూతి మీద లాక్ చేసి కూర్చోండి.

గూడు దగ్గర మాత్రం ఫ్లాష్ వద్దండీ.