నాలుగు లైన్ల లెక్క

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ,

నీ కవరు అందింది. ఆ వెన్నెల కవిగారి కవిత మీద నువ్వు రాసిన పేరడీ చదువుతూ రెండుచోట్ల పైకే నవ్వాను. ఇంట్లో ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది కూడా. కానీ చివర్న నువ్వడిగిన ప్రశ్నకి జవాబు రాయడానికి వారం పట్టింది. "ఇంకొకరి కవితలోంచి నాలుగు లైన్ల దాకా వాడుకుంటే ఏమీ కాదటగా మాస్టారూ?" అన్నావు.

ఆ నాలుగు లైన్ల లెక్క ఎవరు పుట్టించారో గానీ, నేను కలం పట్టినప్పటినుంచీ వింటున్నాను. 1957 కాపీరైటు చట్టంలో అలాంటి లెక్క లేదు. అసలు పేరడీ అన్న మాటే లేదు. 52వ సెక్షన్లో ఉన్నదల్లా సొంత చదువుకీ పరిశోధనకీ, విమర్శకీ సమీక్షకీ, వర్తమాన విషయాలు తెలపడానికీ ఇంకొకరి రచనని న్యాయంగా వాడుకోవచ్చని. అమెరికావాళ్ల ఫెయిర్ యూజ్‌కి, అంటే వాళ్ల న్యాయమైన వాడకానికి, ఇలాంటి జాబితా హద్దు కాదు, కోర్టు నాలుగు సంగతులు తూచి తేలుస్తుంది. మనది గుమ్మాలు లెక్కపెట్టి కట్టిన ఇల్లు. పేరడీ రాసేవాళ్లు విమర్శ అన్న గుమ్మంలోంచే లోపలికి రావాలి.

ఆ గుమ్మం ఇరుకేమీ కాదులే. మలయాళ నాటకకర్త తోప్పిల్ భాసి నాటకానికి ఎదురుగా ఇంకో మలయాళ రచయిత ప్రతినాటకం రాశాడు. అవే పాత్రలు, చాలాచోట్ల అవే మాటలు. వ్యవహారం కోర్టుకెక్కింది. 1996లో కేరళ హైకోర్టు లైన్లు లెక్కపెట్టి ఊరుకోలేదు. తీసుకున్నది ఎంత, దాంతో చేసిన వ్యాఖ్య ఎంత, ఉద్దేశం ఏమిటి, ఇది చూసినవాడు అది చూడ్డం మానేస్తాడా అని అడిగింది. మూలాన్ని విమర్శించడానికే వాడుకున్నాడని తేల్చి, ప్రదర్శనకి అడ్డు తీసేసింది.

ఇప్పుడు నీ రచన సంగతి. మొదటి చరణం ఆ కవిగారి మీదే. ఆయన ప్రతి పద్యంలోనూ వెన్నెల్ని ఏడిపిస్తారు, నువ్వు ఆ ఏడుపుని పట్టుకున్నావు. అది పేరడీ. రెండో చరణం విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్ మీద. నవ్వొచ్చింది, నిజమే. కానీ ట్రాఫిక్‌కీ ఆయనకీ ఏం సంబంధం? నీ సొంత బాణీలో తిట్టినా ఆ ట్రాఫిక్ అలాగే ఉంటుందిగా! అమెరికా సుప్రీంకోర్టు 1994లో ఒక ర్యాప్ పాట కేసులో ఈ తేడానే పట్టుకుంది: పేరడీకి మూలం లేకపోతే నోరు పెగలదు, వ్యంగ్యం ఎవరి ఆసరా లేకుండానే నిలబడగలదు, కాబట్టి అరువు తెచ్చుకుంటే ఎందుకో చెప్పాలి. ఎన్నికలప్పుడు ఆటోకి మైకు కట్టి సినిమా పాట వరసలో పార్టీ మాటలు పాడుకుంటూ వస్తారే, దాన్ని మనవాళ్లు పేరడీ అంటారు. ఆ సినిమా పాటని అది ఏమీ అనదు, వరస మాత్రం వాడుకుంటుంది. కోర్టు సంగతి అలా ఉంచు, రచనగా చూసినా అది బలహీనమే.

పాత కవుల దగ్గర తీసుకోవడానికి ఈ బాధలేవీ లేవు. జాషువా కాళిదాసు మేఘసందేశంలోని మేఘం స్థానంలో గబ్బిలాన్ని పెట్టారు, ఆ కాళిదాసు వారసులెవరూ నోటీసు పంపలేదు. బతికున్న కవులతోనూ, ఈమధ్య పోయినవాళ్లతోనూ చిక్కు. జరుక్ శాస్త్రి తన కాలపు పెద్దల్ని వాళ్ల ఎదుటే పేరడీ చేసి పేరడీ శాస్త్రి అనిపించుకున్నాడు. 1968లో పోయాడు. ఇప్పుడు ఆయన పేరడీల మీదా కాపీరైటు ఉంది, పోయాక అరవయ్యేళ్లు, అంటే 2028 ఆఖరుదాకా!

ఆ అరవయ్యేళ్లు ఎక్కడివంటావేమో. మొదట చట్టంలో రచయిత పోయాక యాభయ్యేళ్లే. టాగూరు 1941లో పోయారు. 1991తో గడువు తీరిపోబోతోందని గోల మొదలై, 1992 సవరణతో అందరికీ కలిపి పదేళ్లు పెంచేశారు. ఆ దెబ్బకి 1943లో పోయిన మన తెనాలి త్రిపురనేని రామస్వామి చౌదరి రచనలు 1994లో జనానికి దక్కాల్సింది, 2004దాకా ఆగాయి. పురాణాల్ని తిరగేసి రాసిన మనిషికి ఇంత కాపలా! అమెరికాలో 1998లో ఇంకో ఇరవయ్యేళ్లు పొడిగించారు. వాళ్ల మిక్కీ ఎలుక మొదటి బొమ్మ 1928 నాటిది, 2024లో గానీ కాపీరైటులోంచి బయటపడలేదు. చచ్చిపోయిన రచయితకి పదేళ్లు ఎక్కువిస్తే ఇంకో కథ రాస్తాడా అని నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

నాకు దీని సెగ తగిలింది కూడా. విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాలవాళ్ల దగ్గర దొరికిన పత్రికల్లోంచి మరుగున పడ్డ కథలు ఏరి ఒక సంకలనం వేద్దామనుకున్నాను. అన్నిట్లోకీ గొప్ప కథ ఒకటుంది. రాసినాయన ఎప్పుడు పోయారో తెలియదు. గడువు చావునుంచి లెక్క, చావే తెలియకపోతే లెక్క ఎక్కడ మొదలుపెట్టను? కొడుకు గుడివాడ వైపు ఉన్నాడన్నారు, వెళ్తే ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయాడన్నారు. ఇలాంటి రచనలకి లైసెన్సు అడిగే దారి చట్టంలో ఉంది. దానికి ముందు దేశంలో ఎక్కువభాగం చదివే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వెయ్యాలి. మూడొందల కాపీల తెలుగు పుస్తకానికి! ప్రచురణకర్త భయపడి ఆ కథ తీసేయమన్నాడు, తీసేశాను. జిరాక్సు కాగితాలు నా బీరువాలో ఉన్నాయి, ఒక పేజీ అయితే చదవడానికి రావడం లేదు. ఆ ఇంటివాళ్లెవరైనా వచ్చి డబ్బు అడిగినా సంతోషంగా ఇచ్చుకునేవాణ్ణి.

కాబట్టి నువ్వు కవిగారి గడువు తీరేదాకా ఆగుతానని రాసిన మాట నాకు నచ్చలేదు. ఆయనకింకా డెబ్బై దాటలేదు, నూరేళ్లూ ఉండనీ. ఆ పైన ఇంకో అరవయ్యేళ్లు. అప్పటికి నీ మనవలే ముసలివాళ్లవుతారు, వెన్నెల కవిత్వం ఎవరికీ గుర్తుండదు, నీ పేరడీకి నవ్వేవాడే దొరకడు. బెంజి సర్కిల్ కొట్టేసి, ఆ జాగాలో ఆయన ఉపమానాల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకో. మూడో చరణంలో ఆయన వాక్యం మొత్తం దించావు, సగం చాలు, తెలిసినవాళ్లకి తెలుస్తుంది. ఆయన పేరు పైన స్పష్టంగా వెయ్యి.

తిరగరాసి పంపు. ఈసారి కవరు మీద బ్రాడీపేట అని పెద్దక్షరాలతో రాయి, పోయినసారిది అరండల్‌పేట నాలుగో లైనుకి వెళ్లి తిరిగొచ్చింది.

మీ మాస్టారు