పెరుగుతున్న నగరానికి పంప్ హౌస్: అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కొత్త పంపింగ్ స్టేషన్ ప్లానింగ్ నీ చేతికి వచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. ఎన్ని హార్స్‌పవర్ పంపులు పెట్టాలో పెదనాన్నని అడగమన్నావట. ఆ లెక్క చివర్లో దానంతట అదే తేలుతుంది. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి, వాటి గురించి రాస్తున్నాను.

నీకిచ్చిన ఫైలు మొదటి పేజీలో ఒక అంకె ఉంటుంది. 30 ఏళ్ల తర్వాత నగరానికి రోజుకు ఎన్ని లీటర్లు కావాలి అన్న అంకె. మీటింగుల్లో అందరూ దాని చుట్టూనే తిరుగుతారు. కానీ పంపు తిరగడం మొదలుపెట్టేది స్టేషన్ తెరిచిన రోజున. ఆ రోజు అవసరం అందులో సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి నువ్వు ఒక్క అంకెతో సరిపెట్టుకోకు. మొదటి ఏడాదికి ఎంత, పదిహేనో ఏటికి ఎంత, చివరికి ఎంత అని మూడూ రాయించు. ఒక్కోదానికీ పొద్దుటి రద్దీలో ఎంత, అర్ధరాత్రి ఎంత అన్నది కూడా ఉండాలి. పెరిగే ఊరికి పంపు ఎంచుకోవడమంటే ఈ హెచ్చుతగ్గులన్నింటినీ దృష్టిలో పెట్టుకోవడం. నేను చెప్పేవాటిలో ఒక్కటే పట్టించుకుంటానంటే ఇదే పట్టించుకో.

సంపు, బిల్డింగ్, పెద్ద పైపులు మళ్లీ మళ్లీ కట్టలేం కనుక వాటిని 30 ఏళ్ల అవసరానికి సరిపడా కట్టాలి. పంపులు, మోటార్లు 15 ఏళ్ల అవసరానికి సరిపోతే చాలు, ఎలాగూ అప్పటికి అవి మార్చాల్సిందే. తర్వాత వచ్చే పంపులకు ఫౌండేషన్లు ఇప్పుడే వేయించు. పంపుల నీళ్లన్నీ కలిసే డెలివరీ హెడర్ పైపుకు అదనపు బ్రాంచీలు పెట్టి, వాల్వ్‌తో పాటు చివర మూసే మూత, అంటే బ్లాంక్ ఫ్లాంజ్ బిగించి ఉంచు. రేపు కొత్త పంపు కలిపేటప్పుడు ఊరికి నీళ్లు ఆపే పని ఉండదు. సంపును రెండు గదులుగా కట్టించు, ఒకటి కడుగుతుంటే ఇంకోదానితో నడుస్తుంది.

అసలు కొత్త నీళ్లు ఎంత కావాలో తెలియాలంటే ఇప్పుడున్న నీళ్లు ఎటు పోతున్నాయో తెలియాలి. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య ఒక్కో ఏరియాకు వెళ్లే ప్రవాహాన్ని కొలిపించు. అందరూ నిద్రపోయే వేళ మీటరు జోరుగా తిరుగుతోందంటే, ఇళ్ల ట్యాంకులు నిండే నీళ్లు తీసేయగా మిగిలిందంతా చాలావరకు లీకేజీయే. దీన్ని ముందే ఎందుకు చూడాలంటే, కొత్త పంపులు వచ్చి ప్రెషర్ పెరిగితే పాత పైపుల్లో లీకులు కూడా పెరుగుతాయి. కోట్లు పోసి తెచ్చిన నీళ్లు మట్టిలోకి పోతాయి. పాత లైన్ల మరమ్మతు కూడా ఈ ప్రాజెక్టులో భాగమే అని పట్టుబట్టు. నీ మాట వినకపోయినా ఫైల్లో మాత్రం రాసి పెట్టు.

ఇక హెడ్ సంగతి, అంటే పంపు నీళ్లను ఎన్ని మీటర్ల ఎత్తుకు తోసినంత బలం ఇవ్వాలన్న లెక్క. పంపు రెండింటిని గెలవాలి: నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు ఒకటి, పైపులో రాపిడి ఒకటి. ఎత్తు మన చేతుల్లో లేదు. రాపిడి మాత్రం చాలావరకు పైపు సైజు మీద ఆధారపడి ఉంటుంది. సెకనుకు 100 లీటర్లు పోయే లైన్‌ను 300 మిల్లీమీటర్లకు బదులు 350 చేస్తే రాపిడి నష్టం సగానికంటే తక్కువకు పడిపోతుంది. పైపుకు డబ్బు ఒక్కసారే పెడతాం, కరెంటుకు నెలనెలా కడతాం. అందుకే రెండు మూడు సైజులకు 30 ఏళ్ల ఖర్చు వేసి చూడకుండా పంపు నుంచి ట్యాంకుకు పోయే పెద్ద పైపు, అదే రైజింగ్ మెయిన్ సైజు ఖాయం చేయొద్దు.

కరెంటు ఎంత తింటుందో నువ్వే వేసి చూడు. సెకనుకు 100 లీటర్లను 50 మీటర్లు ఎక్కించడానికి నీటికి అందాల్సిన శక్తే 49 కిలోవాట్లు. పంపు, మోటారు కలిపి 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తే మీటర్లో 70 కిలోవాట్లు పడుతుంది. రోజుకు 20 గంటల చొప్పున ఏడాదికి 5 లక్షల యూనిట్ల పైమాటే. సామర్థ్యం 60 శాతానికి పడితే ఏటా ఇంకో 85 వేల యూనిట్లు ఉత్తపుణ్యానికి పోతాయి. టెండర్లో పంపు ధర ఒక్కటే చూసి తక్కువ చెప్పినవారికి ఇచ్చే పద్ధతి నాకు మొదటినుంచీ నచ్చదు. ధరకు పదిహేనేళ్ల కరెంటు ఖర్చు కలిపి పోల్చాలి.

ఇక్కడే నేను చాలాచోట్ల చూసిన జబ్బు ఒకటి ఉంది. డిజైన్ చేసినవాళ్లు భద్రత కోసం రాపిడి మీద పది శాతం కలుపుతారు. పైన తనిఖీ చేసేవాళ్లు మొత్తం హెడ్ మీద ఇంకో పది కలుపుతారు. పంపు సప్లై చేసేవాళ్లు ఎందుకైనా మంచిదని పెద్ద ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) వేస్తారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. కానీ 50 మీటర్ల పనికి 65 మీటర్ల పంపు వచ్చి కూర్చుంటుంది. మోటారు ఓవర్‌లోడ్ అవుతుంటే ఆపరేటర్ ఏం చేస్తాడు పాపం, డెలివరీ వాల్వ్‌ను సగం మూసి నడుపుతాడు. ఆ పంపు తినే కరెంటులో దాదాపు నాలుగో వంతు ఆ వాల్వ్ దగ్గరే వృథా. పంపు ఉన్నన్నాళ్లూ రోజూ ఇంతే. మార్జిన్ ఎవరు ఎంత కలిపారో ఒకే కాగితం మీద పెట్టించు. ఒక్కచోటే కలుపు, ఎందుకు కలిపావో పక్కన రాయి.

పంపులు రెండు కలిపి తిప్పితే రెట్టింపు నీళ్లు రావు. ప్రవాహం పెరిగితే రాపిడీ పెరుగుతుంది కదా. ఒక పంపు నడిచినప్పుడు, రెండు నడిచినప్పుడు, మూడు నడిచినప్పుడు సిస్టమ్ కర్వ్ మీద, అంటే ఎంత ప్రవాహానికి ఎంత హెడ్ కావాలో చూపే గీత మీద, ఎక్కడ నిలుస్తాయో గీయించి చూడు. ప్రతి సందర్భంలోనూ పంపు తన మంచి సామర్థ్యానికి దగ్గర్లో ఉండాలి. ఒకే పెద్ద పంపు కంటే మూడు మధ్యరకంవి పెట్టి, నాలుగోది స్టాండ్‌బైగా ఉంచడం నాకిష్టం. మొదటి ఏళ్లలో ఒకటీ రెండూ నడుపుకోవచ్చు, అన్నీ ఒకే మోడల్ కాబట్టి స్పేర్లు కూడా ఒకటే.

మోటారు వేగాన్ని పెంచి తగ్గించే వీఎఫ్‌డీ పరికరం పెడితే అన్నీ సర్దుకుంటాయని నీకు చాలామంది చెబుతారు. రాపిడి ఎక్కువున్న పొడవాటి లైన్లలో అది నిజంగా మేలు చేస్తుంది. కానీ హెడ్‌లో ఎక్కువ భాగం ఎత్తే అయినచోట జాగ్రత్త. వేగం 80 శాతానికి దించితే పంపు ఇచ్చే హెడ్ 64 శాతానికి పడిపోతుంది. వాల్వ్ మూసి ఉన్నప్పుడు 60 మీటర్లు ఇచ్చే పంపు అప్పుడు 38 మీటర్లే ఇస్తుంది. ట్యాంకు 40 మీటర్ల ఎత్తున ఉంటే చుక్క కూడా ఎక్కదు, పంపు అక్కడే తిరుగుతూ వేడెక్కుతుంది.

పంపు నీళ్లు పీల్చుకునే సక్షన్ వైపు వీలైతే నీటిమట్టం పంపు కంటే పైనే ఉండేలా కట్టు. నడిపే ముందు పంపును నీళ్లతో నింపే ప్రైమింగ్ బాధ, గాలి పట్టే బాధ రెండూ పోతాయి.

వాటర్ హ్యామర్, అంటే పారే నీళ్లు ఉన్నట్టుండి ఆగినప్పుడు పైపుకు తగిలే దెబ్బ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బడ్జెట్ తగ్గించమంటే ముందు దీనిమీదే కత్తి పడుతుంది. 5 కిలోమీటర్ల 350 మిల్లీమీటర్ల లైన్‌లో దాదాపు 480 టన్నుల నీళ్లు సెకనుకు మీటరు వేగంతో కదులుతుంటాయి. కరెంటు పోతే పంపు కొన్ని సెకన్లలో ఆగిపోతుంది, ఆ నీళ్లు అంత తేలిగ్గా ఆగవు. పంపు దగ్గర ప్రెషర్ పడిపోతుంది, లైన్ ఎత్తుగా ఉన్నచోట లోపల వాక్యూమ్ ఏర్పడి నీటి ధార తెగుతుంది. తెగిన రెండు భాగాలూ తిరిగొచ్చి గుద్దుకున్నప్పుడు పైపు పగులుతుంది. స్టీల్ పైపుల్లో సెకనుకు ఒక మీటరు వేగం ఉన్నట్టుండి ఆగితే పెరిగే ప్రెషర్ దాదాపు 100 మీటర్ల హెడ్‌కు సమానం. ఈ దెబ్బను ముందే లెక్కగట్టే సర్జ్ అనాలిసిస్ లేకుండా, ఎంత ప్రెషర్ తట్టుకునే పైపు వేయాలో, అదే పైపు క్లాస్, ఖరారు చేయొద్దు. దెబ్బను మింగే గాలి ట్యాంకు, అదే ఎయిర్ వెసెల్ కావాలా, ఎయిర్ వాల్వ్‌లు ఎక్కడెక్కడ, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ ఎంత వేగంగా మూసుకోవాలి అన్నవి ఆ లెక్కే చెప్పాలి. ఎవరైనా అనవసర ఖర్చు అంటే ఒక్కసారి లైన్ పగిలితే ఊరికి ఎన్ని రోజులు నీళ్లు ఉండవో అడుగు.

స్థలం విషయంలో వరద మట్టం పాత రికార్డులు తిరగేయి. 2007 జులైలో ఇంగ్లండ్‌లో వరదలకు మైథ్ నీటి శుద్ధి కేంద్రం మునిగిపోయి, గ్లోస్టర్‌షైర్‌లో దాదాపు మూడున్నర లక్షల మందికి కుళాయి నీళ్లు ఆగిపోయాయి. మళ్లీ తాగే నీళ్లు ఇచ్చేసరికి రెండు వారాలు దాటింది. పంపు కిందే ఉండక తప్పకపోయినా ప్యానెల్ బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్ పై మట్టంలో పెట్టించు. కరెంటుకు రెండు ఫీడర్లు (సరఫరా లైన్లు) తీసుకో, అవి వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి రావాలి. ఒకే సబ్‌స్టేషన్ నుంచి రెండు లైన్లు లాగితే ఉపయోగం తక్కువ.

డ్రాయింగ్ ఖాయమయ్యే ముందు పాత స్టేషన్‌లో ఒక నైట్ షిఫ్టు మొత్తం ఆపరేటర్లతో కూర్చో. ఏ వాల్వ్ చేయి పట్టనివ్వదో, పంపు విప్పాలంటే ఏ గోడ అడ్డమో, మోటారు లారీ దాకా ఎలా మోస్తారో వాళ్లకే తెలుసు. క్రేన్ హుక్ ఎత్తు, తలుపు వెడల్పు అక్కడే తేల్చుకో. ఆ వేడిలో, ఆ చప్పుడులో ఎనిమిది గంటలుండే మనుషులకు విడిగా గది, గాలి, బాత్రూమ్ ఉండాలి. వీటిని డ్రాయింగ్‌లోంచి ఎవరినీ తీయనివ్వకు.

ప్రతి పంపుకూ ప్రెషర్ గేజ్, ఫ్లో మీటర్, కరెంటు మీటర్ విడివిడిగా పెట్టించు. పంపులు ఫ్యాక్టరీలోంచి కదలకముందే నీ ఎదుట టెస్ట్ చేయించు. టెస్ట్ పంపుల పరీక్షకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9906 ప్రకారం జరగాలని టెండర్‌లోనే రాయి. సైట్‌లో బిగించాక మళ్లీ కొలిచి, ఆ అంకెలను లాగ్‌బుక్ మొదటి పేజీలో ఎక్కించు. సామర్థ్యం ఎంత పడిపోయిందో తర్వాతివాళ్లు వాటితోనే పోల్చుకుంటారు.

టెండర్ పిలిచే ముందు సిస్టమ్ కర్వ్, సర్జ్ రిపోర్టు, రాత్రి ప్రవాహం కొలతలు నాకు పంపు. కళ్లద్దాలు మార్చుకున్నాను, తీరిగ్గా చూసి పెన్సిల్‌తో రాసి పంపిస్తాను.

నీ పెదనాన్న