పాత పీసీని పారేయాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది రొయ్యల మేత కొట్టండి. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్కు ఉన్న పీసీలో ట్యాలీ నడుస్తోంది. విండోస్ 10 పని అయిపోయింది, కొత్తది కొనాల్సిందే అంటున్నారు. నిజమేనా?
- భీమవరం పాఠకుడు

జవాబు: ఇప్పటికిప్పుడు కొనక్కర్లేదండి. 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి ఉచిత భద్రతా అప్‌డేట్లు. పీసీ ఆగదు, ట్యాలీ ఆగదు. ముప్పు నెమ్మదిగా వస్తుంది. కొత్తగా బయటపడే లొసుగులకు మరమ్మతు అందదు. కొన్నాళ్లకు బ్రౌజర్లు కూడా చెయ్యి వదిలేస్తాయి. విండోస్ 7కు మద్దతు 2020 జనవరిలో ఆగితే, క్రోమ్ దాన్ని 2023 ఫిబ్రవరిలో వదిలేసింది. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు పనులు చేసే యంత్రానికి అసలు ఇబ్బంది అక్కడ మొదలవుతుంది.

భద్రతా అప్‌డేట్లు ఇంకొంత కాలం అందుకునే దారి ఉంది, దాంతో మీకు 2026 అక్టోబరు 13 వరకు గడువు దొరుకుతుంది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ తెరిచి, విండోస్ అప్‌డేట్ పేజీలో 'ఎన్‌రోల్ నౌ' కోసం చూడండి. అది కనిపించాలంటే విండోస్ 10లో చివరి రూపమైన 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ కావాలి. సెట్టింగుల బ్యాకప్‌కు ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. ఒప్పుకోకపోతే 30 డాలర్లకు సమానమైన సొమ్ము ఒకసారి కట్టాలి. కంపెనీ డొమైన్‌కు కలిపిన యంత్రాలకు ఈ దారి లేదు, వాటి లైసెన్సు వేరు.

విండోస్ 11 ఎందుకు ఎక్కనంటోందో కూడా తెలుసుకోండి. మీ బోర్డులో అది అడిగే భద్రతా చిప్పు టీపీఎం 2.0 ఉండొచ్చు, బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల్లో) ఇంటెల్ పీటీటీ అన్న పేరుతో దాన్ని ఆన్ చేయొచ్చు. అయినా ప్రాసెసర్ల జాబితా దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అనుమతి. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ తనిఖీ దాటించి విండోస్ 11 వేసిస్తామనే మెకానిక్కులు ఉన్నారు. ఆటల పీసీకైతే సరే గానీ, లెక్కల పీసీకి వద్దు. అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు తప్పకుండా వస్తాయని మైక్రోసాఫ్ట్ మాట ఇవ్వడం లేదు. మీ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల తరం వచ్చింది 2017 జనవరిలో. ట్యాలీకి దాని సత్తా ఇంకా చాలు. పనిచేసే యంత్రాన్ని జాబితాలో పేరు లేదని చెత్తలో వేయించడం అన్యాయమే.

ఈ ఏడాదిలో ఖర్చు పెట్టేదేదైనా ఉంటే పాత హార్డ్‌డిస్కు స్థానంలో వేసే, దానికన్నా వేగమైన 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. 256 జీబీ చాలు. ర్యామ్ జోలికి పోవద్దు, 8 జీబీ ట్యాలీకి సరిపోతుంది. పైగా మెమరీ తయారీదారులు ఏఐ సర్వర్ల వైపు మళ్లడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్నే మానేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. డిస్కు మార్చే ముందు ట్యాలీ డేటా ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఇంకో పీసీలో తెరిచి చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టండి.

ప్రశ్న: శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్ మాది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపుకు అను ఫాంట్లు, అందులో యాపిల్ అనే కీబోర్డు అమరిక వాడతాం. పదేళ్ల ఫైళ్లు ఉన్నాయి. విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంకు మారితే వైరస్ బాధ ఉండదంటున్నారు. మారొచ్చా?
- పాలకొల్లు పాఠకురాలు

జవాబు: మారకండమ్మా, ఈ పనికి లైనక్స్ సరిపడదు. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్ మీద పేజ్‌మేకర్ తెరుచుకున్నా, అను కీబోర్డు మేనేజరు విండోస్ లోపల కూర్చుని ప్రతి మీటనూ మధ్యలో పట్టుకుని అక్షరం మార్చే ప్రోగ్రాము. ఆ కిటుకు వైన్‌లో నిలకడగా పనిచేయదు. ముహూర్తాల రోజుల్లో ఒత్తులు ఎగిరిపోతే నష్టపోయేది మీరే.

మీ అసలు చిక్కు ఆపరేటింగ్ సిస్టం కాదు, ఫైళ్లలో ఉన్న అక్షరాలు. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని యంత్రాల్లో ఒకే సంఖ్య ఉండే పద్ధతి) కావు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో. అందుకే ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, 7.0తోనే దాని కథ ముగిసింది. 2001 తరవాత కొత్త రూపం రాలేదు. అంటే మీ పదేళ్ల పని ఒక పాత ప్రోగ్రాము, ఒక ఫాంటు, ఒక విండోస్ మీద వేలాడుతోంది. ఏ ఒక్కటి తెగినా మొత్తం పోతుంది.

ముందుగా ప్రతి పాత పనికీ ఒక పీడీఎఫ్ తీయండి, ఫాంట్లు లోపలే పొదిగే సెట్టింగుతో. అది ఏ యంత్రంలోనైనా అలాగే కనిపిస్తుంది. పేజ్‌మేకర్ ఫైలు, వాడిన ఫాంటు ఫైళ్లు, చిత్రాలు, పీడీఎఫ్, అన్నీ ఒకే ఫోల్డరులో ఉండాలి. చిత్రాలు విడిగా పెట్టి లింకు చేసిన ఫైళ్లే ఎక్కువ దెబ్బతింటాయి. ఫోల్డరు పేరు మారిస్తే చాలు, శుభలేఖ మీద గణపతి మాయం. ఇలా కూర్చిన దాన్ని రెండు బయటి డిస్కుల్లో పెట్టి, ఒకటి సెంటర్లో, ఒకటి ఇంట్లో ఉంచండి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మన వైపు ఒకే గదిలో రెండు కాపీలు పెట్టడం ఒక కాపీ పెట్టడంతో సమానం.

తరవాత పాత విండోస్ పీసీకి ఇంటర్నెట్ తీగ పీకేయండి. ఖాతాదారులు వాట్సాప్‌లో పంపే మేటరు, ఫొటోలు ఇంకో యంత్రంలోనో ఫోన్‌లోనో దించుకుని, ఇందుకోసమే కేటాయించిన ఒక పెన్‌డ్రైవ్‌తో తీసుకెళ్లండి. ఖాతాదారుల పెన్‌డ్రైవ్ నేరుగా పెట్టనివ్వొద్దు. డీటీపీ సెంటర్లకు వైరస్ ఎక్కువగా ఆ దారినే వస్తుంది.

కొత్త పీసీ కొనే స్తోమత ఉంటే దానిలో వర్చువల్‌బాక్స్ (పీసీ లోపల ఇంకో పీసీని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, దాని లోపల మీ పాత విండోస్, పేజ్‌మేకర్, అను ఎక్కించుకోవచ్చు. దానికి 2 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్కు ఇస్తే సరిపోతుంది. నెట్‌వర్క్ అడాప్టరు టిక్కు తీసేయండి. అన్నీ సరిగ్గా నడిచిన రోజున ఒక స్నాప్‌షాట్ (ఆ లోపలి పీసీ అప్పటి స్థితి నకలు) తీసి ఉంచితే, ఏదైనా చెడినప్పుడు రెండు నిమిషాల్లో ఆ రోజుకు తిరిగి వెళ్లొచ్చు. లైసెన్సు సీడీలు, తాళం నంబర్లు ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

కొత్త పనులు మాత్రం మెల్లగా యూనికోడ్‌లోకి తేవాలి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి ఉచిత ఫాంట్లు బాగున్నాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో వాటిని వాడేటప్పుడు పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. తెలుగు ఫాంటు బాగోలేదని తిట్టేవాళ్లలో సగం మంది ఆ ఒక్క సెట్టింగు మార్చనివాళ్లే. ముందు కరపత్రాల వంటి చిన్న పనులతో మొదలుపెట్టండి, శుభలేఖలతో వద్దు.

ప్రశ్న: ఇంజనీరింగ్ చదువుతున్నాను. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉంది. పక్కన లైనక్స్‌లో ఒక రకమైన మింట్ వేసుకుని వలోరంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆటలు అందులోనే ఆడాలని ఉంది. కుదురుతుందా?
- తాడేపల్లిగూడెం విద్యార్థి

జవాబు: సగం కుదురుతుంది. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లైనక్స్‌లో నేరుగా నడుస్తాయి. ఒంటరిగా ఆడే విండోస్ ఆటల్లో చాలావాటిని వాల్వ్ కంపెనీ 2018లో తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో నడిపిస్తుంది. వలోరంట్ మాత్రం నడవదు. మోసగాళ్లను పట్టే దాని వాన్‌గార్డ్ ప్రోగ్రాము విండోస్ కెర్నల్‌లో (అన్నిటినీ నడిపే దాని మూల భాగంలో) కూర్చుంటుంది, లైనక్స్‌లో దానికి చోటు లేదు. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. ఏపెక్స్ లెజెండ్స్ 2024 చివర్లో లైనక్స్ ఆటగాళ్లను ఆపేసింది. జీటీఏ 5 ఆన్‌లైన్‌దీ అదే ఏడాది సెప్టెంబరు నుంచి అదే పరిస్థితి. ప్రోగ్రాములకు కెర్నల్ తాళాలు ఇవ్వడం ఎంత ప్రమాదమో 2024 జూలై 19న చూశాం. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ వారి ఒక్క తప్పుడు అప్‌డేట్‌కు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర పట్టాయి. ఒక ఆట కోసం అంత లోతు అధికారం ఇవ్వడం నాకు నచ్చదు. కానీ ఆడాలంటే ఇప్పటికి వేరే దారి లేదు.

కాబట్టి రెండూ పక్కపక్కన ఉంచుకోండి. ముందు మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి 48 అంకెల బిట్‌లాకర్ తాళం (విండోస్ డిస్కుకు వేసే రహస్య తాళం విప్పే నంబరు) కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగు ముట్టుకోగానే విండోస్ దాన్ని అడగొచ్చు, అది దొరక్క డేటా పోగొట్టుకున్నవాళ్లున్నారు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, దాని డ్రైవ్ లైనక్స్‌లో చదవడానికే తప్ప రాయడానికి తెరుచుకోదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 100 జీబీ ఖాళీ చేయండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మింట్ రాసి దాంతో బూట్ చేయండి.

ఇక్కడ చాలామంది ఎవరో చెప్పారని బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రం మొదలయ్యేలా చూసే తనిఖీ) ఆపేస్తారు. ఆపక్కర్లేదు, మింట్ దానితోనే ఎక్కుతుంది. ఆపేస్తే మాత్రం విండోస్ 11లో వలోరంట్ వ్యాన్ 9003 అని తప్పు చూపించి తెరుచుకోదు. ఎన్‌విడియా డ్రైవరు వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలి తెర మీద 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. తొందరలో కంటిన్యూ నొక్కేస్తే డ్రైవరు ఎక్కదు, ఆట నత్తలా నడుస్తుంది.

వాల్వ్ వారి ఆటల అంగడి స్టీమ్‌లోని ఆటలను విండోస్ డ్రైవ్ నుంచి నడపబోకండి. విండోస్ పద్ధతిలో (ఎన్‌టీఎఫ్‌ఎస్) ఉండే ఆ డ్రైవ్ మీద ప్రోటాన్‌కు చిక్కులొస్తాయి. లైనక్స్ భాగంలోనే మళ్లీ దించుకోండి. ఇంకొకటి: లైనక్స్ వాడి విండోస్‌లోకి రాగానే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళ్తుంది. బ్యాటరీ పోయిందని కంగారు పడొద్దు. లైనక్స్ బోర్డు గడియారంలో గ్రీనిచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్ని మన సమయం అనుకుని చదువుతుంది. లైనక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో సెట్ లోకల్ ఆర్టీసీ విలువను 1 చేస్తే సర్దుకుంటుంది.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గర. గేమింగ్ డెస్క్‌టాప్ ఆట మధ్యలో ఆరిపోతోంది, 600 వీఏ యూపీఎస్ కీచుమంటోంది. డబ్బా మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంది. లోపల పచ్చటి తుప్పు కూడా కనిపిస్తోంది.
- అంతర్వేది పాఠకుడు

జవాబు: ఇవి మూడు వేర్వేరు జబ్బులు. 600 వీఏ అంటే సుమారు 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డున్న పీసీ ఆటలో 350 నుంచి 450 వాట్లు లాగుతుంది. కరెంటు పోగానే యూపీఎస్ మోయలేక వదిలేస్తుంది. కనీసం 1000 వీఏ, వీలైతే ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులా నున్నటి తరంగం) ఇచ్చేది తీసుకోండి. కొన్ని మంచి పవర్ సప్లైలు చవక యూపీఎస్ ఇచ్చే మెట్ల తరంగాన్ని ఒప్పుకోవు.

కరెంటు ఉండగానే ఆరిపోతుంటే వేడి చూడాలి. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి చేరుతోందా? అయితే ఫ్యాను రెక్కలు వేలితో పట్టుకుని దుమ్ము ఊదండి, పాత థర్మల్ పేస్టు తుడిచి పెసరగింజంత కొత్తది పెట్టండి. వేడి మామూలుగానే ఉంటే పవర్ సప్లైని అనుమానించాలి. దాన్ని విప్పకండి, లోపలి కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా కరెంటు నిలవుంటుంది. మార్చేయడమే.

జివ్వుమనడం ఎర్తింగ్ లేక. మీరు రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ వాడుతుంటే ముందు దాన్ని తీసేయండి. మూడు పిన్నుల సాకెట్లో కూడా ఎర్తు తీగ నిజంగా భూమికి కలిసిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

పచ్చతుప్పు ఉప్పుగాలి పని. ఉప్పు తేమను పీల్చుకుని సన్నని కాళ్ల మధ్య కరెంటు పారే పొరగా మారి రాగిని తింటుంది. ప్లగ్గు తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని టూత్‌బ్రష్‌తో తుడవండి. ర్యామ్ కాళ్లను రబ్బరుతో రుద్దకండి, పైన బంగారు పూత పలచన, లేచిపోతుంది. ఆల్కహాల్ తడిపిన గుడ్డ చాలు. పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. వాడని యంత్రాన్ని మూలన పెడితే తేమ ఇంకా తింటుంది, వారానికి రెండుసార్లయినా గంటసేపు నడపండి. ఏసీ గదిలోంచి ల్యాప్‌టాప్‌ను బయటికి తెస్తే చల్లటి లోహం మీద తేమ పడుతుంది, సంచిలోనే అరగంట ఉంచి తెరవండి.

ప్రశ్న: రమ్మీ యాప్ తెరుచుకోవడం లేదు. వీపీఎన్ పెట్టి, బయట దొరికే ఫైలు వేసుకుంటే నడుస్తుందంటున్నారు.
- రావులపాలెం పాఠకుడు

జవాబు: వేసుకోకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చి, అలాంటి ఆటలు నడపడాన్నీ, ప్రకటించడాన్నీ, వాటికి డబ్బు పంపడాన్నీ దేశమంతటా నిషేధించింది. బయట తిరిగే ఫైళ్లలో చాలావాటికి కావలసింది మీ ఎస్సెమ్మెస్సులు చదివే అనుమతి. అది ఇస్తే మీ బ్యాంకు ఓటీపీ వాళ్లకు చేరినట్టే. ఇప్పటికే వేసుకుని ఉంటే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, యాక్సెసిబిలిటీలో, డివైస్ అడ్మిన్‌లో ఆ యాప్‌కు ఇచ్చిన అధికారం తీసేసి, ఆ తరవాతే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆ అధికారం ఉండగా అది పోదు. బ్యాంకు పాస్‌వర్డులు ఇంకో ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి, ఆ సొమ్ము ఇంకో ఖాతాకు దాటేలోగా ఆపడానికి వీలుంటుంది.