కారు చూసి బేరమా, బేరం చూసి కారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో రాయలసీమ జిల్లాల నుంచి వచ్చిన నాలుగింటి విషయం దాదాపు ఒకటే: వ్యాపారంలో ఎదుటివారి దగ్గర మర్యాద నిలిపే కారు ఏది? అందువల్ల వాటికి ఒకేచోట సమాధానాలిస్తున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: తాడిపత్రిలో నాకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. సరుకు చూసుకోవడానికి బెంగళూరు నుంచి బిల్డర్లు, ఆర్కిటెక్టులు వస్తుంటారు. ఇన్నాళ్లూ వారిని పాత బొలెరోలోనే ఫ్యాక్టరీకీ క్వారీకీ తిప్పాను. పాతిక లక్షల్లో బెంగళూరులో కొన్నేళ్లు వాడిన బెంజి వస్తుందని, దాంతో మన స్థాయి పెరుగుతుందని మా అబ్బాయి అంటున్నాడు. ఆ డబ్బుతో కొత్త ఇన్నోవా మేలని మా బావమరిది అంటున్నాడు. ఏది కొంటే పార్టీల దగ్గర గౌరవంగా ఉంటుంది?
— ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: మీ పార్టీ మీ కారును ఎక్కడ చూస్తుందో, అందులో ఎంతసేపు కూర్చుంటుందో ముందు ఆలోచించండి. నగరంలోని వ్యాపారి కారు హోటలు గుమ్మం ముందు ఐదు నిమిషాలు కనిపిస్తే చాలు. మీ సంగతి వేరు. నాలుగైదు గంటలు ప్రయాణించి వచ్చిన మనిషిని మీరు ఫ్యాక్టరీ చూపించి, ఆ రాయి ఎక్కడ తీస్తున్నారో చూపడానికి లారీలు తిరిగి గుంతలు పడిన క్వారీ దారిలో తీసుకువెళ్లి, భోజనం పెట్టించి మళ్లీ సాగనంపుతారు. అంటే ఆయన మీ కారును చూసేది కొద్దిసేపైతే, అందులో కూర్చునేది గంటలకొద్దీ. ఆయనకు మిగిలే అభిప్రాయం ముందున్న గుర్తును బట్టి కాక నడుము, మోకాళ్లు, వెనక సీటుకు అందే చల్లగాలిని బట్టి ఏర్పడుతుంది. మీ బొలెరోతో వచ్చిన చిక్కు కూడా అది పాతదనో చౌకదనో కాదు, వెనక కూర్చున్న పెద్దమనిషికి అందులో సుఖం లేకపోవడమే.

ఇక బెంజి విషయం. బండలకు చదరపు అడుగు లెక్కన ధర పలుకుతుంది కాబట్టి, మీ దగ్గరికి వచ్చేవారు అడుగుకు రెండు రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడే మనుషులు. బెంజి దిగి వచ్చిన యజమానిని చూడగానే వారికి కలిగే మొదటి ఆలోచన మీ స్థాయి గురించి కాక మీకు మిగులుతున్న లాభం గురించి అయ్యే అవకాశమే ఎక్కువ. మరో సంగతి కూడా ఉంది. మీరు రాయి కొనే క్వారీవారికీ, కిరాయి ఇవ్వవలసిన లారీవారికీ ఎప్పుడూ ఎంతో కొంత బాకీ ఉండక తప్పదు. వారి బాకీ ఒక నెల ఆలస్యమైతే, 'మన డబ్బు ఆపి కారు కొన్నాడు' అన్న మాట ఊరంతా తిరుగుతుంది. చిన్న ఊళ్లో వ్యాపారం చేసేవారికి కొనేవారి అభిప్రాయం ఎంత ముఖ్యమో, అమ్మేవారి అభిప్రాయమూ అంతే ముఖ్యం.

పాత ఖరీదైన కారు ధర తగ్గినంత మాత్రాన దాని టైర్లు, బ్రేకులు, సెన్సార్ల ధరలు తగ్గవు. అవి కొత్త కారు యజమాని చెల్లించే ధరలే. మరమ్మతుకు బెంగళూరుకో హైదరాబాదుకో పంపాలి. కారు ఎత్తు తక్కువ, మీ క్వారీ దారి మీకు తెలుసు. ముఖ్యమైన పార్టీ వచ్చే రోజున బెంజి బెంగళూరు షెడ్డులో ఉండి మీరు బొలెరోలో ఎదురువెళ్లే పరిస్థితి రావచ్చునని మీ అబ్బాయికి మెల్లగా చెప్పండి.

మీ బావమరిది సలహాలో బలం ఉంది. 2005లో మన దేశానికి వచ్చిన ఇన్నోవా, 2016లో వచ్చిన క్రిస్టా రూపంలో ఇప్పటికీ దూరప్రయాణాలకు నమ్మదగిన బండిగా పేరు నిలుపుకుంది. క్రిస్టాది లారీల మాదిరి విడి ఛాసిస్ (ఇనుప చట్రం) మీద కట్టిన నిర్మాణం, తిరిగేవి వెనక చక్రాలు. క్వారీ దారికి ఈ రెండూ అనుకూలమే. 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ మెత్తగా సాగుతుంది గానీ అది ముందు చక్రాలతో నడిచే కారు, పైగా పెట్రోలుతోపాటు బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ రకం మీ పాతిక లక్షల్లో రోడ్డెక్కదు. క్రిస్టా తీసుకుంటే మధ్య వరుసలో రెండు విడి కుర్చీలుండే రకాన్ని ఎంచుకోండి. ఇద్దరు పార్టీలు భుజాలు తగలకుండా కూర్చుని మాట్లాడుకోవచ్చు. తెల్లరంగు మాత్రం వద్దని నా అభిప్రాయం. తెల్ల ఇన్నోవా కనిపిస్తే మన ప్రాంతంలో ఎవరైనా అధికారి బండి అనో, నాయకుడి బండి అనో, బాడుగ బండి అనో అనుకుంటారు. వెండిరంగైతే ఆ పోలిక తగ్గుతుంది, రాతిపొడి కూడా అంతగా కనిపించదు. నలుపు మీద ప్రతి రేణువూ లెక్కపెట్టవచ్చు, మే నెలలో తలుపు ముట్టుకోలేరు.

మీ దగ్గరికి ఒకసారికి ఇద్దరికి మించి రాకపోతే ఇన్నోవా కూడా అవసరం లేదు. సెల్టోస్, క్రెటా తరహా కారు చాలు. సెల్టోస్‌కు మీ చోట ఒక అదనపు ప్రయోజనం కూడా ఉంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి మార్కెట్లోకి వచ్చిన మొదటి కారు అదే. బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే మీ పార్టీ ఆ ఫ్యాక్టరీని దాటే వస్తుంది. 'ఇది మా సీమలో తయారైన బండి' అని మీరు అంటే ప్రయాణంలో మాట కలపడానికి అంతకన్నా మంచి మొదలు దొరకదు. మిగిలిన లక్షలతో యార్డులో సరుకు పేర్చిన చోట మంచి షెడ్డు వేయించి, దీపాలు పెట్టించి, పాలిష్ చేసిన రాయి నిజమైన రంగు కనిపించేలా చేయండి. రాయి కొనడానికి వచ్చినవారు ఎక్కువసేపు చూసేది రాయినే కదా!

ఏది కొన్నా షోరూములో స్టీరింగు ముందు కూర్చుని నిర్ణయించవద్దు. మీ డ్రైవరుకు బండి ఇచ్చి, మీరు వెనక కూర్చుని, ఎండవేళ గతుకుల దారిలో అరగంట తిరిగి రండి. అలాగే వెనక అద్దం మీద రాజకీయ పార్టీల జెండాలు, హీరోల బొమ్మలు, కులం పేర్లు అంటించనివ్వకండి. వచ్చినవారిది ఏ పక్షమో, ఎవరి అభిమానమో మీకు తెలియదు. డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మకు ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ప్రశ్న: ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు, కూలీలను సమకూర్చే కాంట్రాక్టు చేస్తున్నాను. కంపెనీ అధికారులు హైదరాబాదు, చెన్నై నుంచి వస్తారు. నల్ల స్కార్పియో కొని, అద్దాలకు నల్ల ఫిల్ము వేయించి, 9999 నంబరు తీసుకోవాలని ఉంది. బాగుంటుందా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: స్కార్పియో మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ అదే ఏడాది కార్ల భద్రతను కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు ఐదు నక్షత్రాలు సాధించింది. నలుపు కూడా మీ ఇష్టం. అయితే మీరు అడిగిన మూడింటినీ ఒకే బండి మీద పెడితే ఏమవుతుందో ఆలోచించండి. 1994లో వచ్చిన టాటా సుమోనూ, 2002లో వచ్చిన స్కార్పియోనూ మన సినిమాలవాళ్లు ఇరవై ఏళ్లపాటు సీమ ఫ్యాక్షనిస్టుల వాహనాలుగా చూపించి, గాలిలోకి ఎగరేసి, తగలబెట్టి వదిలారు. సీమ ముఖం చూడని హైదరాబాదు అధికారికి కడప గురించి తెలిసింది చాలావరకు ఆ సినిమాల ద్వారానే. నల్ల స్కార్పియో, లోపల ఎవరున్నారో కనిపించని నల్లద్దాలు, వెనక మీ అనుచరులతో మరో బండి, వీటన్నిటినీ ఫ్యాక్టరీ గేటు దగ్గర చూసిన మనిషి మీ టెండరు కాగితాలు తెరవకముందే మీ గురించి ఒక కథ అల్లుకుంటాడు. సినిమా చేసిన అన్యాయానికి మీరు బాధ్యులు కారు. దానికి కొత్త సాక్ష్యం అందించనవసరమూ లేదు.

ఫిల్ము సంగతి చట్టం ముందే తేల్చింది. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలన్నది నిబంధన. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు తొలగించమని ఆదేశించినప్పటి నుంచి పోలీసులు ఎక్కడైనా ఆపి తీయించవచ్చు. కంపెనీ అధికారిని పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు కానిస్టేబులు ఆపి ఫిల్ము ఒలిపిస్తే, ఆ మర్యాద ఎలాంటిదో మీరే ఊహించుకోండి. ఎండ బాధకు కారుతోపాటు కంపెనీ ఇచ్చే లేతరంగు అద్దాలు, నిలిపినప్పుడు పెట్టే తెరలు చాలు.

నంబరు గురించి నేను కఠినంగా మాట్లాడను. రవాణా శాఖ ఆన్‌లైన్ వేలంలో పాడుకుని తెచ్చుకున్న నంబరు కడపలో పెళ్లి మండపం ముందు మీకు గౌరవం తేవచ్చు. పైగా ఒకప్పుడు నంబరులో ఏపీ తర్వాత 04 అంటే కడప, 21 అంటే కర్నూలు, 02 అంటే అనంతపురం అని తెలిసేది; రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒకటే వరుస వచ్చాక ఆ ఊరి గుర్తు కూడా పోయి, మిగిలింది చివరి నాలుగు అంకెలే. కానీ కాంట్రాక్టు ఇచ్చే అధికారి వాటిని చదివేది మీరు పెట్టిన ఖర్చుగానే. ఆ డబ్బుతో మీ లారీల బీమా, ఫిట్‌నెస్ కాగితాలు గడువు దాటకుండా చూసుకుంటే కంపెనీ గేటు దగ్గర మీకు లభించే పేరు ఎక్కువకాలం నిలుస్తుంది.

ప్రశ్న: కర్నూలులో ఇంటీరియర్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్ల ఇళ్లకు, క్లినిక్కులకు స్కూటరు మీద వెళితే నన్ను చిన్నచూపు చూస్తున్నారేమో అనిపిస్తోంది. సంస్థ పేరు మీద పెద్ద ఎస్‌యూవీ కొంటే జీఎస్టీ తిరిగి వస్తుందని ఒకరు చెప్పారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: తిరిగి రాదమ్మా. డ్రైవరుతో కలిపి 13 మందికి మించని ప్రయాణికుల వాహనాల మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నును తర్వాత కట్టవలసిన జీఎస్టీలో తగ్గించుకునే వీలు) ఇవ్వరు. కార్లు అమ్మేవారు, ప్రయాణికులను బాడుగకు తిప్పేవారు, డ్రైవింగ్ నేర్పేవారు ఇందుకు మినహాయింపు. మీ వృత్తి అందులోకి రాదు. అయితే సంస్థ పేరు మీద కొంటే ఏటా 15 శాతం తరుగుదలను, అప్పు వడ్డీని ఖర్చుగా చూపవచ్చు. కొన్న ఏడాదిలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే తరుగుదల సగమే. మీరు వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపే సులభ పద్ధతిలో పన్ను కడుతుంటే మాత్రం ఈ ఖర్చులేవీ విడిగా చూపడానికి వీల్లేదు. అప్పుడు సంస్థ పేరు వల్ల పన్నులో మిగిలేది శూన్యం. పది లక్షలు దాటిన కారుకు షోరూమువారు ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు, దాన్ని రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

అసలు మీకు పెద్ద బండి ఎందుకన్నది నా ప్రశ్న. మీ కారులో డాక్టరుగారు కూర్చోరు, మీరే వారి గుమ్మానికి వెళతారు. మీకు కావలసింది ప్లైవుడ్ ముక్కలు, లామినేట్ పుస్తకాలు, టైల్స్ నమూనాలు వంగకుండా, విరగకుండా పెట్టుకునే డిక్కీ, కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల సందుల్లో కూడా తిరిగే పొడవు. నాలుగు మీటర్లకు మించని చిన్న సెడానో, చిన్న ఎస్‌యూవీయో ఇందుకు సరిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పొడవులో 1200 సీసీ లోపు పెట్రోలు, 1500 సీసీ లోపు డీజిల్ కార్లకు జీఎస్టీ 18 శాతమే, అంతకు మించిన వాటికి 40 శాతం. తరచూ ట్యాక్సీలుగా తిరిగే మోడల్, రంగు మాత్రం వదిలేయండి. గేటు దగ్గర వాచ్‌మన్ మిమ్మల్ని ఎవరినో దింపడానికి వచ్చిన డ్రైవరనుకుంటాడు. స్కూటరు మీద వెళ్లినప్పుడు కలిగిన చిన్నచూపులో కొంత, చెమటతో, నలిగిన కాగితాలతో లోపలికి అడుగుపెట్టడం వల్ల వచ్చినది కూడా కావచ్చు. ఆ మేరకు చల్లని కారు ఏదైనా మీకు మేలే చేస్తుంది.

ప్రశ్న: అనంతపురంలో చీనీకాయల వ్యాపారం మాది. సీజనులో ఢిల్లీ వైపు నుంచి కొనుగోలుదార్లు విమానంలో బెంగళూరుకు వస్తారు. వారికోసం సొంత కారు కొనాలా, బాడుగ బండి పంపితే చులకనవుతామా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఏడాదిలో కొద్ది వారాల పనికి కారు కొనవద్దు. పసుపు బోర్డు బండి పంపినందుకు వ్యాపారి ఎవరూ చులకనగా చూడరు. ఢిల్లీలో వారు చేసేదీ అదే. చులకనయ్యేది విమానం దిగిన మనిషిని గంటసేపు నిలబెట్టినప్పుడు. కాబట్టి హిందీ వచ్చిన డ్రైవరును చూసుకుని, విమానం వేళకు ముందే దేవనహళ్లి విమానాశ్రయం చేరేలా పంపండి. వీలైతే మీ మనిషి ఒకరు బండిలో ఉంటే మరీ మంచిది. తెలిసినవారి తెల్లబోర్డు కారుకు డబ్బిచ్చి పంపడం చట్టవిరుద్ధం, దారిలో ఏదైనా జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. బాడుగ బండికి ఆలిండియా పర్మిటు ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. లేకపోతే కొడికొండ దాటి కర్ణాటకలో అడుగుపెట్టాక అక్కడి పన్ను కట్టేదాకా బండి ఆగిపోతుంది, అవతల మీ అతిథి ఫోను చేస్తూనే ఉంటారు.