పచ్చి మేకపాలు తాగితే మెదడుకు ఇన్ఫెక్షన్ వస్తుందా?

డెంగీలో ప్లేట్‌లెట్లు పెరగాలని పచ్చి మేకపాలు తాగిస్తున్నాం, వాటితో మెదడుకు ఇన్ఫెక్షన్ వస్తుందంటున్నారు, నిజమేనా అని అడిగారు. నిజమే. చాలా అరుదు, కానీ వస్తుంది. ఆ బ్యాక్టీరియా పేరు బ్రూసెల్లా. మా ఇంట్లో చూశాం కాబట్టి గట్టిగా చెబుతున్నాను. అయితే పాలొక్కటే కాదు, అది ఒంట్లోకి వచ్చే దారి ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మా మేనమామ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో గొర్రెలు కాస్తాడు. నెలల తరబడి జ్వరం వచ్చిపోతుండేది. సాయంత్రమైతే ఒళ్లు కాలిపోయేది, తెల్లారేసరికి బనియన్ చెమటతో తడిసిపోయేది. నడుం నొప్పి సరేసరి. ఊళ్లో విడాల్ అనే ఒక్క రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ అన్నారు, సెలైన్లు ఎక్కించారు. మన దగ్గర ఏ జ్వరమైనా ముందు టైఫాయిడే! ఆ ఒక్క చీటీని నమ్మి వైద్యం చేయడం ఎప్పుడు మానతారో. తర్వాత తలనొప్పి, వాంతులు, ఒక చెవి వినపడలేదు. చివరికి సొంత కూతుర్నే గుర్తుపట్టలేదు.

హైదరాబాద్‌లో వెన్నులోంచి నీరు తీశారు. ప్రొటీన్ ఎక్కువ, చక్కెర తక్కువ. టీబీ మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు టీబీ అని మందులు మొదలుపెట్టారు. కొంచెం తేరుకున్నాడు కూడా, అసలు మోసం అక్కడే జరుగుతుంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ బ్రూసెల్లా మీద కూడా పనిచేస్తుంది, కానీ అదొక్కటే చాలదు. మళ్లీ తిరగబెట్టింది.

అప్పుడు పీజీ చదువుతున్న ఒక డాక్టరమ్మాయి మంచం దగ్గర నిలబడి మా అత్తను అడిగింది, "ఈయన ఏం పని చేస్తారమ్మా?"

"గొర్ల మంద ఉంది మేడం."

"ఈ ఏడు ఏమైనా ఈసుకుపోయాయా, నెలలు నిండకుండానే?"

"ఏడెనిమిది ఈసుకుపోయినయి. మాయ అంతా ఆయనే తీసిండు."

"చేతులకు ఏమైనా తొడుక్కున్నాడా?"

"ఏం తొడుక్కుంటడు మేడం, తర్వాత కడుక్కున్నడు."

అంతే. క్రిమి వచ్చిన ఆ రెండో దారి దొరికింది, ఈసుకుపోయిన గొర్రెల మాయ. రక్తంలో, వెన్ను నీటిలో బ్రూసెల్లా పరీక్ష రాసింది, రెండూ పాజిటివ్. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్, సెఫ్ట్రియాక్సోన్ కలిపి నెలల పాటు వాడారు. మనిషి లేచి మందలోకి వెళ్లాడు గానీ ఆ చెవి మాత్రం తిరిగి రాలేదు.

ఇదేం కొత్త రోగం కాదు. 1887లోనే డేవిడ్ బ్రూస్ అనే బ్రిటిష్ సైనిక డాక్టరు మాల్టా దీవిలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల్లో ఈ క్రిమిని కనిపెట్టాడు. అది మేకల నుంచి వస్తోందని 1905లో జామిట్ అనే మాల్టా డాక్టరు తేల్చాడు. ఇన్నేళ్లయినా మన ఓపీ చీటీ మీద వయసు రాస్తారు, బరువు రాస్తారు, ఇంట్లో పశువులున్నాయా అని అడిగేవాళ్లు లేరు.

ఇక మీ పాల సంగతి. పొంగు వచ్చేదాకా కాస్తే ఈ క్రిమి చచ్చిపోతుంది. మేకపాలతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని రుజువేమీ లేదు, డెంగీ సీజన్‌లో రేటు పెంచి అమ్ముకునేవాళ్లకే లాభం. పాలు తాగేవాళ్ల కంటే ఈతలప్పుడు ఒట్టి చేతులతో మాయ లాగే కాపరుల గురించే నా బాధంతా. 2019లో కేంద్రం మొదలుపెట్టిన బ్రూసెల్లా టీకా కార్యక్రమం ఆవు, గేదె పెయ్యదూడలకే. గొర్రెలకు, మేకలకు రెవ్-1 అనే టీకా ప్రపంచంలో ఎప్పట్నుంచో ఉంది. మా మామ మందకు ఇప్పటికీ ఎవరూ వేయలేదు.